ఏరు దాటిన సిపాయిలు

అమెరికా పటాలాల్లో చేరి, మెక్సికో పక్షాన పోరాడి, ఉరికంబాలెక్కిన ఐరిష్ వలస సైనికుల కథ

1846 ఏప్రిల్ 12, ఈస్టర్ ఆదివారం. రియో గ్రాండే నదికి ఉత్తరపు గట్టున అమెరికా సైన్యం గుడారాలు వేసుకుని ఉంది. ఎదురుగా దక్షిణపు గట్టున మాటమోరోస్ పట్నం, అందులో మెక్సికో సైన్యం. యుద్ధం ఇంకా ప్రకటించలేదు. అయిదో పదాతిదళం 'కె' కంపెనీలోని జాన్ రైలీ అనే సిపాయి తన కెప్టెన్ దగ్గరికెళ్లి, పండగ పూజకు వెళ్లొస్తానని చీటీ రాయించుకున్నాడు. పోయినవాడు మళ్లీ శిబిరానికి రాలేదు. నది దాటి అవతలి సైన్యంలో చేరిపోయాడు.

రైలీది ఐర్లండ్ పడమటి తీరంలో గాల్వే జిల్లా, క్లిఫ్‌డెన్ ప్రాంతం. ఆరడుగుల మనిషి. బతుకుతెరువు వెతుక్కుంటూ కెనడా మీదుగా మిషిగన్ చేరి, మాకినాక్ దీవిలో కూలికి కుదిరి, 1845 సెప్టెంబరులో అక్కడి కోటలోనే అమెరికా సైన్యంలో పేరు రాయించుకున్నాడు. యూనిఫాం తొడిగిన ఏడు నెలలకే దాన్ని వదిలేశాడు.

అలా దాటినవాడు అతనొక్కడే కాదు. రాత్రిళ్లు ఈదుకుంటూ అవతలి గట్టుకు పోతున్న సిపాయిలను ఆపలేక, నీళ్లలో కనిపించినవాణ్ని కాల్చెయ్యమని జనరల్ జాకరీ టేలర్ కావలివాళ్లకు ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. కొందరు తూటాలకు పోయారు, కొందరు ప్రవాహానికి పోయారు. ఒడ్డు చేరినవాళ్లలోంచి మాటమోరోస్‌లో ఒక చిన్న ఫిరంగి దళం తయారైంది. మొదట యాభై మంది కూడా లేరు. తర్వాత అదే పెరిగి సాన్ పాత్రిసియో పటాలమైంది. ఐర్లండ్‌ను కాచే పునీతుడు పాట్రిక్ పేరు అది, స్పానిష్ పలుకుబడిలో.

ఈ కథను తేలిగ్గా చెప్పడానికి రెండు దార్లున్నాయి. ఉప్పు తిన్న ఇంటికే నిప్పు పెట్టిన ద్రోహులని చెప్పొచ్చు. ధర్మం ఎటుంటే అటు నిలబడ్డ వీరులనీ చెప్పొచ్చు. అమెరికా సైన్యం మొదటి దారి పట్టింది, మెక్సికో రెండో దారి పట్టింది. చదివేకొద్దీ నాకు అర్థమైంది వేరు. ఈ మనుషుల్లో ఆకలీ ఉంది, అవమానం మిగిల్చిన కసీ ఉంది, భక్తీ ఉంది, భూమి మీద ఆశా ఉంది, తాగుడూ ఉంది. అన్నీ కలిసి ఉన్న మామూలు కూలి మనుషులు వాళ్లు. వాళ్లమీద గౌరవం కలగడానికి వాళ్లు మచ్చలేని వీరులు కానక్కర్లేదు.

నెలకు ఏడు డాలర్లు

ముందు ఒక లెక్క సరిచెయ్యాలి. ఈ సిపాయిలంతా బంగాళాదుంప కరువుకు తాళలేక ఓడలెక్కినవాళ్లని చాలాచోట్ల రాస్తారు. ఐర్లండ్‌లో దుంపకు తెగులు తగిలింది 1845 శరదృతువులో. అప్పటికే రైలీ మాకినాక్‌లో పటాలంలో ఉన్నాడు. అతనితో నడిచినవాళ్లలో ఎక్కువమంది మహా కరువు ముదరకముందే దేశం వదిలారు. కరువు లేని సంవత్సరాల్లోనూ అక్కడి కౌలు రైతుకు నేల తనది కాదు, పంట తనది కాదు, అద్దె కట్టలేకపోతే ఇల్లూ తనది కాదు. మతం కారణంగా తరాల తరబడి హక్కులు లేకుండా బతికిన జనం. అందుకే పొట్ట చేతబట్టుకుని అట్లాంటిక్ దాటారు. వీళ్లు మెక్సికో ఎండలో ఫిరంగులు లాగుతున్న నెలల్లోనే అక్కడ వెనకున్న అయినవాళ్లు దుంపల్లేక ప్రాణాలు వదులుతున్నారు. ఆ కరువులో సుమారు పది లక్షలమంది చనిపోయారు. అంతకు తక్కువ కానంతమంది దేశం విడిచిపోయారు.

అమెరికాలో వాళ్లకు ఎదురైంది మరో రకం వెలి. క్యాథలిక్కులంటే పోపు పంపిన గూఢచారులనే ప్రచారం ఊరూరా సాగుతుండేది. 1834లో బోస్టన్ పక్కనున్న చార్ల్స్‌టౌన్‌లో సన్యాసినుల మఠాన్ని అల్లరిమూకలు తగలబెట్టాయి. 1844లో ఫిలడెల్ఫియాలో రెండు విడతలుగా జరిగిన అల్లర్లలో ఐరిష్‌వాళ్ల ఇళ్లతోపాటు సెయింట్ మైకేల్, సెయింట్ అగస్టీన్ చర్చిలు కాలిపోయాయి. పని దొరకని వలసవాడికి మిగిలిన దారి సైన్యం. నెలకు ఏడు డాలర్ల జీతం, తిండి, బట్ట. ఆనాటి అమెరికా సైన్యంలో దాదాపు నూటికి నలభై మంది విదేశాల్లో పుట్టినవాళ్లే. ఐరిష్‌వాళ్లే నాలుగో వంతు దాకా ఉండేవాళ్లు.

వాళ్లకు ఆజ్ఞలిచ్చే అధికారులు మాత్రం ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు, ఈ వలసవాళ్లంటే ఏవగింపు ఉన్నవాళ్లు. చిన్న తప్పుకు వేసే శిక్ష ఒకటుండేది. సిపాయిని నేలమీద కూలేసి, మోకాళ్లు రొమ్ముకు ఆనేట్టు ముడిపించి, రెండు మణికట్లూ కలిపి కట్టి, ఆ చేతులను మోకాళ్ల ముందుగా కిందికి దించేవాళ్లు. మోకాళ్ల వెనగ్గా, మోచేతుల మీదుగా ఒక కర్ర దూర్చేవాళ్లు. ఇక మనిషి లేవలేడు, వాలలేడు, ఈగ వాలితే తోలుకోలేడు. అరవకుండా నోట్లో అడ్డంగా ఒక కర్రముక్కో బాయ్‌నెట్టో పెట్టి తలచుట్టూ తాడుతో బిగించేవాళ్లు. అలా టెక్సాస్ ఎండలో గంటల తరబడి. సెల్యూట్ ఆలస్యమైనా, గుండీ ఊడినా ఈ శిక్ష పడ్డవాళ్లున్నారు. నాకు సంబంధించినంతవరకు ఈ కథ మొదలయ్యేది ఇక్కడే. నది దాటమని మెక్సికో పిలవడానికి ముందే వీళ్లను సొంత గట్టుమీంచి నెట్టేసిన చేతులు చాలా ఉన్నాయి.

మెక్సికో పిలుపు దాని వెనకే వచ్చింది. ఏప్రిల్‌లో జనరల్ అంపుదియా, ఆయన తర్వాత జనరల్ అరిస్టా ఇంగ్లిషులో కరపత్రాలు అచ్చువేయించి అమెరికా శిబిరంలోకి చేరవేశారు. మనం ఒకే మతంవాళ్లం, మీ అధికారులు మిమ్మల్ని మనుషుల్లా చూడటం లేదు, అన్యాయపు యుద్ధంలో మమ్మల్నెందుకు చంపుతారు అన్నది వాటి సారాంశం. వచ్చినవాడికి 320 ఎకరాల భూమి ఇస్తామన్నారు. అరెకరం కౌలు చేను కోసం దొర గుమాస్తా ముందు చేతులు కట్టుకున్న మనిషికి ఆ అంకె ఎలా వినిపించి ఉంటుందో మన పల్లెల్లో పుట్టినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

నది ఎవరిది?

1845లో అమెరికా టెక్సాస్‌ను కలిపేసుకుంది. దాని దక్షిణపు హద్దు న్యూసెస్ నది అని మెక్సికో అంది. కాదు, ఇంకా కిందికున్న రియో గ్రాండే అని అమెరికా అంది. ఆ రెండు నదుల మధ్య నేలలోకి అధ్యక్షుడు జేమ్స్ పోక్ సైన్యాన్ని పంపాడు. మెక్సికో గుర్రపుదళంతో ఘర్షణ జరగగానే, మా నేలమీద మా రక్తం చిందించారంటూ మే 13న యుద్ధం ప్రకటింపజేశాడు. ఆ నెత్తురు చిందిన స్థలం సరిగ్గా ఎక్కడో చూపించమని పార్లమెంటులో కొత్తగా అడుగుపెట్టిన లింకన్ 1847 డిసెంబరులో నిలదీశాడు. ఈ యుద్ధాన్నీ, బానిసత్వాన్నీ నడిపే ప్రభుత్వానికి పన్ను కట్టనన్న రచయిత థోరో 1846 జులైలో ఒక రాత్రి జైల్లో గడిపాడు. ఆ తర్వాత ఆయన రాసిన వ్యాసమే దక్షిణాఫ్రికాలో గాంధీ చేతికి చేరింది. ఆ యుద్ధంలో కుర్ర లెఫ్టినెంటుగా పోరాడి, తర్వాత అమెరికా అధ్యక్షుడైన యులిసిస్ గ్రాంట్ సైతం, బలమైన దేశం బలహీనమైన దేశం మీద చేసిన అత్యంత అన్యాయపు యుద్ధాల్లో ఇదొకటని తన ఆత్మకథలో రాసుకున్నాడు.

మెక్సికో 1829లోనే బానిసత్వాన్ని రద్దు చేసింది. టెక్సాస్ బానిసలున్న రాష్ట్రంగా అమెరికాలో చేరింది. ఈ తేడా ఆ సిపాయిల్లో ఎందరికి పట్టిందో నేను చెప్పలేను గానీ, ఈ కథ చదివేవాళ్లు మరిచిపోకూడని తేడా అది.

ఆకుపచ్చ జెండా

మెక్సికో సైన్యంలో రైలీకి లెఫ్టినెంట్ హోదా దక్కింది. మాటమోరోస్ ఫిరంగుల దగ్గర మొదలుపెట్టి 1846 సెప్టెంబరులో మొంటెరే నగరం దాకా ఈ దళం పోరాడింది. వాళ్ల జెండా ఇలా ఉండేది: ఆకుపచ్చ పట్టుగుడ్డ మీద ఐర్లండ్ వీణ, ఒక పక్క పునీత పాట్రిక్ బొమ్మ, ఐర్లండ్ చిరకాలం వర్ధిల్లాలన్న ఐరిష్ నినాదం, మెక్సికో రాజ్యచిహ్నం. జెండా మీద ఏది ఏ పక్కనుందో చూసినవాళ్లు తలోరకంగా రాశారు. అసలు జెండా నేడు ఎక్కడా లేదు.

పేరు ఐరిష్‌దే అయినా లోపల రకరకాలవాళ్లున్నారు. జర్మన్లు, స్కాట్లు, ఇంగ్లిషువాళ్లు, కెనడావాళ్లు, అమెరికాలోనే పుట్టినవాళ్లు, అప్పటికే మెక్సికోలో స్థిరపడ్డ యూరోపువాళ్లు. సంఖ్యలో ఐరిష్‌వాళ్లదే పెద్ద చెయ్యి. ఎండకు కందిన ముఖాలూ ఎర్రటి జుట్టూ చూసి మెక్సికోవాళ్లు వీళ్లను 'కొలొరాడోస్' అని, అంటే ఎర్రోళ్లని పిలుచుకున్నారు.

1847 ఫిబ్రవరి 22, 23 తేదీల్లో బ్యూనా విస్టా దగ్గర జరిగిన పోరులో ఈ పటాలం బలం ఏమిటో అమెరికన్లకు అర్థమైంది. లోయను చూస్తున్న ఎత్తయిన గట్టు మీద మెక్సికో దగ్గరున్న అతిపెద్ద ఫిరంగులు వీళ్ల చేతుల్లో ఉన్నాయి. గురి చూసి కొట్టడం తెలిసిన చేతులవి. అమెరికావాళ్ల రెండు ఫిరంగులను స్వాధీనం చేసుకోవడంలో వీళ్లది ముఖ్య పాత్ర. అందుకు చెల్లించిన మూల్యం మూడో వంతు మనుషులు. గెలుపు చేతికందే వేళకు మెక్సికో సేనాని సాంతా అన్నా తన సైన్యాన్ని వెనక్కి తీసుకుపోయాడు. రైలీని కెప్టెన్ చేశారు.

అక్కడి నుంచి మెక్సికోకు ఓటమి మీద ఓటమి. జనరల్ విన్‌ఫీల్డ్ స్కాట్ సముద్రం మీంచి వెరాక్రూజ్‌లో దిగి, మార్చి చివరికి ఆ రేవును పట్టుకున్నాడు. ఏప్రిల్ 18న సెర్రో గోర్డో కనుమ పోయింది. ఆగస్టుకు స్కాట్ రాజధాని గుమ్మంలో ఉన్నాడు.

చురుబుస్కో

రాజధానికి దక్షిణాన చురుబుస్కో నది ఒడ్డున ఫ్రాన్సిస్కన్ సన్యాసుల రాతి మఠం ఒకటి ఉంది. మందమైన గోడలు, చుట్టూ మట్టి కట్టలు. వెనక్కి తగ్గుతున్న సైన్యానికి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వడానికి ఆగస్టు 20న జనరల్ పేద్రో మరియా అనాయా దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. సాన్ పాత్రిసియో మనుషులు సుమారు రెండొందల మంది ఆయన వెంట ఉన్నారు. మెక్సికో సైనికులు దొరికిపోతే యుద్ధఖైదీలు. వీళ్లు దొరికితే ఉరి. ఆ సంగతి గోడ లోపలున్న ప్రతి మనిషికీ తెలుసు.

మూడు గంటలు దాటి నడిచింది పోరు. మధ్యలో మందుగుండు అయిపోవచ్చింది. బండ్లమీద వచ్చిన తూటాలు చాలావరకు మెక్సికో తుపాకుల్లో పట్టలేదు. సాన్ పాత్రిసియోవాళ్ల తుపాకుల్లోనే పట్టాయి. చివరి గంట భారం అలా వాళ్ల భుజాల మీదే పడింది. మెక్సికో సైనికులు తెల్ల గుడ్డ ఎత్తబోతే మూడుసార్లూ వీళ్లు లాగేశారని చెప్పుకుంటారు. తమ పాత అధికారులు కనిపిస్తే ఏరి మరీ కాల్చారని అమెరికావాళ్లు చెప్పారు. నేను రెంటినీ నమ్ముతాను.

అవతలి పక్షంలోనూ ఐరిష్‌వాళ్లు తక్కువమంది లేరు. చురుబుస్కో మీదికి ఒక బ్రిగేడ్‌ను నడిపించిన జనరల్ జేమ్స్ షీల్డ్స్ ఐర్లండ్‌లోని టైరోన్ జిల్లాలో పుట్టినవాడే. అమెరికా సైన్యంలోని ఐరిష్ సిపాయిల్లో అత్యధికులు చివరిదాకా ఆ జెండా కిందే ఉన్నారు, దాని కిందే చచ్చిపోయారు. వాళ్లను చిన్నచూపు చూసి సాన్ పాత్రిసియోను పొగడటం నాకు చేతకాదు. ఒకే ఊరివాళ్లు ఒకే రోజున ఎదురెదురుగా నిలబడి కాల్చుకున్న సంగతి ఇది.

తూటాలు పూర్తిగా అయిపోయాక మఠం లొంగిపోయింది. మందుగుండు ఎక్కడుందని అమెరికా జనరల్ ట్విగ్స్ అడిగితే, అదే ఉంటే మీరిక్కడ ఉండేవాళ్లు కాదని అనాయా జవాబిచ్చాడని మెక్సికో బడిపిల్లలంతా చదువుకుంటారు. సాన్ పాత్రిసియోవాళ్లలో 35 మంది దాకా చనిపోయారు. 85 మంది పట్టుబడ్డారు. మిగిలినవాళ్లు తప్పించుకున్నారు.

పది, పదకొండు, పదమూడు

పట్టుబడ్డవాళ్లలో 72 మందిని రెండు సైనిక న్యాయస్థానాలు విచారించాయి. రాజధాని పక్కన సాన్ అంహెల్‌లో కూర్చున్న న్యాయస్థానానికి అధ్యక్షుడు కర్నల్ బెనెట్ రైలీ. ఆయనా ఐరిష్ మూలాలున్న క్యాథలిక్కే, పైగా ముద్దాయి జాన్ రైలీతో ఒకే ఇంటిపేరు. తరఫున వాదించే న్యాయవాదులు లేరు. తాగిన మత్తులో దారి తప్పి దొరికిపోయాననీ, మెక్సికోవాళ్లు బలవంతాన చేర్చుకున్నారనీ చాలామంది చెప్పుకున్నారు. ప్రాణం మీదికొచ్చిన మనిషి చెప్పే మాటలవి. కొన్ని నిజమే కూడా అయ్యుంటాయి. రాజధాని ఆర్చిబిషప్, బ్రిటిష్ రాయబారి, తకుబాయా ఊరి గృహిణులు క్షమించమని విన్నవించుకున్నారు.

స్కాట్ కొందరి శిక్ష తగ్గించాడు. యుద్ధం ప్రకటించకముందే వెళ్లిపోయినవాడికి చట్టప్రకారం మరణశిక్ష వెయ్యడం కుదరదు. ఈస్టర్ పూజకని చీటీ రాయించుకున్న ఆ తేదీ, యుద్ధ ప్రకటనకు నెల ముందరి ఆ తేదీ, జాన్ రైలీ ప్రాణం కాపాడింది. ప్రాణమే కాపాడింది, అంతకు మించి ఏమీ కాపాడలేదు. సాన్ అంహెల్ కూడలిలో అతనికీ, అతనిలాంటి మరికొందరికీ వీపు చీలేలా యాభై కొరడా దెబ్బలు కొట్టారు. పారిపోయినవాడని తెలిపే 'డి' అక్షరాన్ని ఎర్రగా కాల్చిన ఇనుముతో చెంపమీద వేశారు. రైలీకి మొదటి ముద్ర తలకిందులుగా పడిందని రెండో చెంప మీద మళ్లీ వేశారని చెబుతారు.

ఆ రోజు సెప్టెంబరు 10. అదే కూడలిలో 16 మందిని ఉరి తీశారు. మర్నాడు మిక్స్‌కోక్‌లో నలుగురిని. మిగిలిన 30 మంది సంగతి కర్నల్ విలియం హార్నీకి అప్పగించారు.

13వ తేదీ తెల్లవారకముందే ఆ ముప్పై మందినీ మిక్స్‌కోక్ గుట్ట మీదికి తెచ్చారు. కంచరగాడిదలు కట్టిన బండ్ల మీద నిలబెట్టి, కాళ్లూ చేతులూ కట్టి, మెడలకు ఉచ్చులు తగిలించారు. అక్కణ్నుంచి చూస్తే చపుల్‌తెపెక్ కోట కనిపిస్తుంది. ఆ ఉదయం అమెరికా సైన్యం దాన్ని పట్టడానికి ఎక్కుతోంది. కోట మీద అమెరికా జెండా లేచిన క్షణంలోనే బండ్లు తోలాలని హార్నీ ఆజ్ఞ. అప్పటిదాకా మెడలో తాడుతో నిలబడి యుద్ధం చూడాలి. ఫ్రాన్సిస్ ఓకానర్ అనే సిపాయికి చురుబుస్కోలో తగిలిన గాయాలకు రెండు కాళ్లూ తీసేశారు. ఎలాగూ చనిపోయే మనిషి, నడవలేడని వైద్యుడు చెబితే, ముప్పై మందిని ఉరి తీయమని నాకు ఆజ్ఞ ఉందంటూ అతన్నీ మోయించి తెప్పించాడు హార్నీ. తొమ్మిదిన్నర ప్రాంతంలో మెక్సికో జెండా దిగింది, అమెరికా జెండా ఎగిరింది. బండ్లు కదిలాయి.

యుద్ధంలో పక్షం మార్చి, పాత సహచరుల మీద ఫిరంగి పేల్చినవాణ్ని ఏ సైన్యమూ ముద్దు చెయ్యదు. ఆ మాట నేను ఒప్పుకుంటాను. కానీ ఆ యుద్ధంలో అమెరికా సైన్యం నుంచి పారిపోయినవాళ్లు తొమ్మిది వేలు పైనే. వాళ్లలో ఉరితాడు దాకా వెళ్లినవాళ్లు దాదాపుగా ఈ యాభై మందే. సైనికుడికి మరణశిక్ష పడితే తుపాకీతో కాల్చడం ఆనవాయితీ. వీళ్లకు ఉరి వేశారు. కాళ్లు లేని మనిషిని మోసుకొచ్చి, జెండా లేచేదాకా గంటల తరబడి నిలబెట్టడం ఏ చట్టంలోనూ రాసిలేదు. అది శిక్ష కాదు, పగ. మిక్స్‌కోక్ గురించి నూటపాతికేళ్లు గడిచినా, నూటయాభై ఏళ్లు గడిచినా మెక్సికోలో మాట్లాడుకునేది అందుకే.

తన క్యాథలిక్ సిపాయిలను నిలుపుకోవాలన్న ఆలోచన అమెరికా ప్రభుత్వానికి ముందే రాకపోలేదు. సైన్యంలో క్యాథలిక్ గురువులు ఒక్కరూ లేరన్న విమర్శ పెరిగాక, 1846లోనే పోక్ ఇద్దరు జెసూట్ గురువులను టేలర్ శిబిరానికి పంపాడు. జాన్ మెకెల్‌రాయ్, ఆంటొనీ రే. అప్పటికే ఆలస్యమైంది.

పేర్లు

1848 ఫిబ్రవరి 2న గ్వాదలూపే ఇదాల్గోలో సంధి కుదిరింది. మెక్సికో తన భూభాగంలో సగానికి పైగా కోల్పోయింది. కోటిన్నర డాలర్లు చేతిలో పెట్టారు. కాలిఫోర్నియా, నెవాడా, యూటా, న్యూమెక్సికో, అరిజోనాలో ఎక్కువ భాగం. ఈనాడు మన పిల్లలు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లి ఇళ్లు కొనుక్కుంటున్న సాన్ హోసే, అంతకుముందే చేయిజారిన డాలస్, ఆస్టిన్ పరిసరాలు, అదంతా ఒకప్పుడు మెక్సికో నేల. ఆ నేలమీద చాలా ఊళ్ల పేర్లు స్పానిష్‌లో ఉండటానికి కారణం ఎందరు తెలుసుకున్నారో.

సంధి తర్వాత బతికున్న ఖైదీలను వదిలిపెట్టారు. రైలీ మళ్లీ మెక్సికో యూనిఫాం వేసుకున్నాడు. చెంపల మీది మచ్చలు కనబడకుండా జుట్టు పెంచాడంటారు. జైల్లో ఉండగా మాకినాక్‌లోని తన పాత యజమానికి రాసిన ఉత్తరంలో, మెక్సికోతో యుద్ధం చేస్తున్నవాళ్లు చెప్పే మాటలు నమ్మొద్దనీ, ఇంత ఆప్యాయంగా ఆదరించే జనాన్ని తానెక్కడా చూడలేదనీ చెప్పుకున్నాడు. 1848లోనే ఒక తిరుగుబాటులో చెయ్యి ఉందన్న అనుమానంతో అతన్ని కొన్నాళ్లు నిర్బంధించారు, పటాలాన్ని రద్దు చేశారు. 1850లో సైన్యం నుంచి సెలవు పుచ్చుకున్నాడు. అక్కడితో అతని జాడ మసకబారిపోతుంది.

అమెరికాలో ఈ పటాలం గురించి చాలాకాలం ఎవరూ నోరు మెదపలేదు. ఐరిష్ అమెరికన్లకు అదొక మచ్చ. అంతర్యుద్ధంలో వేలమంది ప్రాణాలిచ్చి తమ విధేయత నిరూపించుకున్న సమాజం, సాన్ పాత్రిసియో పేరెత్తితే ఎవరు మళ్లీ ద్రోహులంటారోనని జంకింది. ఆ జంకు నాకు అర్థమవుతుంది. కొత్త దేశంలో నిలదొక్కుకునే ప్రతి వలస సమాజం కొన్ని పేర్లను ఇంట్లో దాచుకుంటుంది.

మెక్సికో దాచుకోలేదు. రాజధానిలో సాన్ అంహెల్ పేటలోని సాన్ హసింతో కూడలిలో 1959లో ఒక రాతి పలకం పెట్టారు. అన్యాయపు దండయాత్రలో మెక్సికో కోసం ప్రాణాలిచ్చిన ఐరిష్ సైనికుల జ్ఞాపకార్థమని రాసి, కింద 71 పేర్లు చెక్కారు. ఏటా సెప్టెంబరు 12న అక్కడ పూలదండలు వేస్తారు. మార్చి 17న పునీత పాట్రిక్ పండగ రోజునా తలుచుకుంటారు. చురుబుస్కో మఠం 1981 నుంచి మెక్సికో మీద జరిగిన విదేశీ దాడులన్నిటి చరిత్ర చెప్పే మ్యూజియం. దాని పక్కనే ఐరిష్ అమరుల పేరిట ఒక వీధి. ఆ పేటలోనే సాన్ పాత్రిసియో పేరు పెట్టుకున్న మెక్సికన్ల బ్యాగ్‌పైప్ బృందం. దేశం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల పేర్లు బంగారు అక్షరాలతో ఉండే పార్లమెంటు గోడ మీద ఈ పటాలం పేరూ ఉంది. 1997లో నూటయాభై ఏళ్లు నిండినప్పుడు మెక్సికో, ఐర్లండ్ రెండూ కలిసి తపాలా బిళ్లలు వేశాయి. అటు క్లిఫ్‌డెన్‌లో మెక్సికో ప్రభుత్వం ఇచ్చిన కంచు శిల్పం నిలబడి ఉంది. సెప్టెంబరు 12న ఆ చిన్న పట్నంలో మెక్సికో జెండా ఎగురుతుంది.

మనకిది పూర్తిగా కొత్త అనుభవం కాదు. 1945 నవంబరులో ఎర్రకోటలో షానవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌లను బ్రిటిషువాళ్లు బోనెక్కించినప్పుడు, తమ సైన్యాన్ని వదిలి ఆజాద్ హింద్ ఫౌజులో చేరడం వాళ్ల నేరం. కోర్టు శిక్ష వేసింది, దేశం ఊరుకోలేదు, శిక్ష రద్దయింది. ఇంకా పాతికేళ్లు వెనక్కి వెళ్తే, 1920 జూన్‌లో జలంధర్ బారకాసుల్లో ఉన్న కనాట్ రేంజర్స్ అనే ఐరిష్ పటాలం తుపాకులు కింద పెట్టేసింది. తమ దేశంలో బ్రిటిషువాళ్లు చేస్తున్న దౌర్జన్యానికి నిరసనగా. కనాట్ అంటే రైలీ పుట్టిన గాల్వే ఉన్న ప్రాంతమే. ఆ తిరుగుబాటుకు ఆ పటాలం సిపాయి జేమ్స్ డేలీని 1920 నవంబరు 2న హిమాచల్ కొండల్లోని దగ్‌షాయి జైలులో కాల్చి చంపారు. 1970లో ఆయన అస్థికలను ఐర్లండ్‌కు తీసుకెళ్లి గౌరవంగా పూడ్చుకున్నారు.

అయినా సాన్ పాత్రిసియోకీ వీళ్లకీ ఒక పెద్ద తేడా ఉంది. ఫౌజు సైనికులూ డేలీ తమ దేశం కోసం నిలబడ్డారు. ఆ దేశాలు స్వతంత్రమయ్యాక వాళ్లను తమవాళ్లుగా చేర్చుకున్నాయి. రైలీ వెంట నడిచినవాళ్లు పుట్టిన దేశం కోసమూ కాదు, జీతమిచ్చిన దేశం కోసమూ కాదు, మూడో దేశం కోసం చచ్చిపోయారు. ఆ మూడో దేశం యుద్ధంలో ఓడిపోయింది, ఇస్తానన్న ఎకరాలు చాలామందికి ఇవ్వలేకపోయింది. అయినా వాళ్ల పేర్లు పోగొట్టుకోలేదు. ఓడినవాళ్లు పరాయివాళ్లను ఇంత పట్టుదలగా గుర్తుంచుకున్న చోటు ఇంకొకటి నాకు కనిపించలేదు.

సాన్ హసింతో పలకం విషయంలో నాదొక్కటే అభ్యంతరం. అది అందరినీ ఐరిష్ సైనికులంటుంది. ఆ 71 పేర్లలో జర్మన్ పేర్లున్నాయి, స్కాట్ పేర్లున్నాయి, అమెరికాలోనే పుట్టినవాళ్ల పేర్లున్నాయి. వాళ్లు నడిచింది ఆ ఆకుపచ్చ జెండా వెనకే, ఉరి పడిందీ వాళ్లతోనే. ఎవరు ఎక్కణ్నుంచి వచ్చారో కూడా ఆ రాతి మీద చెక్కి ఉంటే, వీణ బొమ్మ కింద ఎన్ని దేశాల కూలి మనుషులు నిలబడ్డారో చదివేవాళ్లకు తెలిసేది.